నా ఆఫీసు మెయిల్ వాళ్లు చదవొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కదిరి దగ్గర పల్లె. 6 ఏళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నాను. మారతహళ్లిలో ఉంటాను. పోయిన నెల పండక్కి ఊరెళ్తూ ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు. సోమవారం పొద్దున్నే రిపోర్టు కావాలని లీడ్ అడగడంతో ఒక ఎక్సెల్ షీటు నా జీమెయిల్‌కి పంపుకుని, తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పని పూర్తి చేశాను. అందులో క్లయింట్ కస్టమర్ల పేర్లు, పుట్టిన తేదీలు ఉన్నాయి. దాంతోపాటే నా పే స్లిప్పులు, అప్రైజల్ మెయిళ్లు కూడా పంపుకున్నాను. నిన్న ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ టీమ్ నుంచి మెయిల్ వచ్చింది, 7 పని దినాల్లో రాతపూర్వకంగా వివరణ ఇవ్వమని. ఇప్పుడు నా భయం ఆ షీటు ఒక్కదాని గురించే కాదు. ఎల్ఐసీ, బ్యాంకు, ఇన్‌కం ట్యాక్స్, నాన్న ఆసుపత్రి రిపోర్టులు, పెళ్లి సంబంధాల మెయిళ్లు అన్నీ ఆఫీసు మెయిల్‌లోనే ఉన్నాయి. ఫ్లాటు ఆలస్యం చేస్తున్న బిల్డర్‌కి కూడా దాని నుంచే, కంపెనీ పేరు, నా హోదా కింద వచ్చేలా ఘాటుగా రాశాను. అలా రాస్తే పట్టించుకుంటారని ఎవరో చెప్పారు. రెండు చోట్లకు రెజ్యూమె కూడా అక్కడి నుంచే వెళ్లింది. పక్క సీటు అమ్మాయి అన్నీ డిలీట్ చేసెయ్ అంటోంది. మా బావ, వాళ్లు తీసేసే లోపు నువ్వే రాజీనామా చెయ్ అంటున్నాడు. నా సొంత మెయిళ్లు చదివే హక్కు వాళ్లకుందా? ఉద్యోగం పోతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు వద్దు, బెంగళూరు

సమాధానం:

చెల్లీ, నన్ను అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు రెండు మాటలు చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువు. ఒక్క మెయిల్ కూడా డిలీట్ చెయ్యకు. రాజీనామా ఇప్పుడు పెట్టకు.

ఇంకొకటి కూడా ఉంది. ఈ ఉత్తరం నాకు నీ ఆఫీసు మెయిల్ నుంచే వచ్చింది. అందుకే దానికి తిరుగు మెయిల్ ఇవ్వలేదు. నిన్ను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇక్కడే జవాబు రాస్తున్నాను. దీన్ని నీ ఫోన్‌లో, నీ సొంత డేటాతో చదువుకో. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. రోజుకు పది గంటలు ఆ మెయిల్ తెరుచుకుని కూర్చునే మనిషికి ఏది రాయాలన్నా చెయ్యి అటే పోతుంది. పైగా మన పిల్లల్లో చాలామందికి కాలేజీలో పెట్టుకున్న జీమెయిల్ ఏ హీరో పేరుతోనో, ముద్దుపేరుతోనో ఉంటుంది. బ్యాంకులో అది చెప్పడానికి సిగ్గుపడతారు. మొదటి ఉద్యోగంలో ఇంటిపేరుతో సహా చక్కగా ఉన్న అడ్రస్ వస్తుంది, ఇక ఎక్కడ అడిగినా అదే ఇచ్చేస్తారు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఇలా చేసినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

చూశాను అంటే, నా పనే అది. ఈ ఊళ్లో 14 ఏళ్లు మెయిల్ సర్వర్ల అడ్మిన్‌గా చేశాను. కొత్తవాళ్లకు అడ్రస్ ఇచ్చింది, వెళ్లిపోయినవాళ్లది మూసింది, పైనుంచి రాతపూర్వక అనుమతి వచ్చినప్పుడు మెయిల్ పెట్టె తెరిచి ఇచ్చింది నా చేతులతోనే. కాబట్టి డిలీట్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఈ రాత్రే నువ్వు ఆ పని చేస్తావేమోనని నాకు భయంగా ఉంది.

నువ్వు డిలీట్ చేసిన మెయిల్ నీ కళ్ల ముందు నుంచి పోతుంది, అంతే. గూగుల్ ఆఫీసు మెయిల్‌లో అయితే ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. దాన్ని నువ్వు ఖాళీ చేసినా మరో 25 రోజుల దాకా అడ్మిన్ వెనక్కి తేగలడు. మైక్రోసాఫ్ట్ వాడే కంపెనీల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. ఇవి మామూలు లెక్కలు. కంపెనీ ఆర్కైవ్ పెట్టుకుని ఉంటే, లేదా విచారణ కోసం నీ పెట్టె మీద హోల్డ్, అంటే ఏదీ చెరిగిపోకుండా వేసే తాళం, పెట్టి ఉంటే, నువ్వు ఎంత తుడిచినా అసలు కాపీ కదలదు. హోల్డ్ పెట్టిన సంగతి నీకు కనిపించదు కూడా. మెయిల్ ఎప్పుడు ఎవరికి వెళ్లింది, ఎంత సైజు అటాచ్‌మెంటు ఉంది అన్న లాగ్ వేరే చోట ఉంటుంది. మన దేశంలో కంప్యూటర్ అత్యవసరాలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రంగా ఉంచాలి. అంటే ఆ జాడ పోకుండా చూడటం వాళ్ల బాధ్యత.

డిలీట్ చేసిన పని కూడా టైముతో సహా నమోదవుతుంది. నోటీసు వచ్చిన రాత్రి 11 గంటలకు 300 మెయిళ్లు మాయమయ్యాయంటే చూసేవాడు ఏమనుకుంటాడు? షీటు పంపుకోవడం తెలియక చేసిన పొరపాటని నమ్మాలనుకున్నవాడు కూడా ఇక నమ్మడు. నా 14 ఏళ్లలో ఉద్యోగం పోయిన వాళ్లలో ఇద్దరు ముగ్గురు అసలు తప్పుకి కాకుండా దాన్ని దాచబోయినందుకే పోగొట్టుకున్నారు. పక్క సీటు అమ్మాయి నీ మంచికే చెప్పి ఉంటుంది. అయినా ఆ మాట వినకు.

ఇక షీటు. దీన్ని చిన్న విషయం అని నీకు ధైర్యం చెప్పలేను. పే స్లిప్పు నీది. అప్రైజల్ నీ గురించి. ఆ షీటులో ఉన్నవాళ్లెవరో నీకూ తెలియదు, నీ కంపెనీకీ తెలియదు. వాళ్లు క్లయింట్‌ని నమ్మి తమ పేరు, పుట్టిన తేదీ ఇచ్చారు. క్లయింట్ నీ కంపెనీని నమ్మి, ఒప్పందం రాసుకుని, వాటిని ఇచ్చాడు. ఇప్పుడు అవి కదిరి దగ్గర పల్లెలో నీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ ల్యాప్‌టాప్‌లో ఏ సినిమా డౌన్‌లోడ్‌తో ఏ వైరస్ వచ్చి కూర్చుందో ఎవరికి తెలుసు? పేరు, పుట్టిన తేదీ ఉంటే చాలు, ఫోన్‌లో మోసం చేసేవాడికి సగం పని అయిపోయినట్టే. మీ నాన్నగారి ఆసుపత్రి రిపోర్టు ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి ఇంటికి పంపుకుందని తెలిస్తే నీకెలా ఉంటుంది? ఆమె కూడా పని పూర్తిచేయడానికే పంపుకుని ఉండొచ్చు. అయినా మనసు ఒప్పుకోదు కదా.

చట్టం కూడా ఇక్కడ ఉద్దేశాన్ని చూస్తుంది. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, బాధ్యులైనవారి అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా కాపీ చేసుకున్నవారు పరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పనిని కపటంగా, మోసం చేసే ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. నిన్ను భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఈ రెండిటి మధ్య ఉన్న తేడా ఏమిటో చూడు. నువ్వు లీడ్ అడిగిన రిపోర్టు కోసం పంపుకున్నావు, సోమవారం ఆ రిపోర్టు ఇచ్చావు. నీకు కపటం లేదని చూపించేది ఆ రెండు మెయిళ్లే. డిలీట్ చేస్తే ముందు పోయేవి అవే.

కాబట్టి వివరణ రాయి, 7 రోజులూ ఆగకు. రేపో ఎల్లుండో ఇచ్చెయ్. డేటా బయటికి పోయిన ఘటనల్ని తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలన్న నిబంధన ఉంది. క్లయింట్‌తో ఒప్పందాల్లోనూ ఇలాంటి గడువులు ఉంటాయి. ఆ సెక్యూరిటీ టీమ్‌లో కూర్చున్న మనిషి కూడా గడియారం చూసుకుంటూనే ఉంటాడు. నువ్వు ఆలస్యం చేసిన ప్రతి రోజూ అతనికి ఇబ్బందే.

ఇంగ్లిష్‌లో నువ్వే రాసుకో. భావం ఇలా ఉంటే చాలు: ఫలానా తేదీన, ఫలానా సమయంలో, ఈ పేరుగల ఫైలును నా సొంత అడ్రస్‌కి పంపుకున్నాను. ఫలానా రిపోర్టు సోమవారానికి అడిగారు, ఆ రోజు నా దగ్గర ఆఫీసు ల్యాప్‌టాప్ లేదు. ఆ ఫైలును ఇంట్లో ఒక ల్యాప్‌టాప్‌లో తెరిచాను, అది నా తమ్ముడిది. ఇంకెవరికీ పంపలేదు. ఇది పాలసీకి విరుద్ధం, అనుమతి అడగకపోవడం నా తప్పు. ఫైలు ఇంకా నా మెయిల్‌లోనూ ఆ ల్యాప్‌టాప్‌లోనూ ఉంది, ఎలా తొలగించాలో మీరు చెప్పినట్టు చేస్తాను, తొలగించినట్టు రాతపూర్వకంగా ధ్రువీకరిస్తాను. పే స్లిప్పులు, అప్రైజల్ పత్రాలు నా సొంత రికార్డు కోసం పంపుకున్నాను.

ఇందులో 'ఇంకా ఉంది' అన్న మాట రాయడానికి నీకు చెయ్యి వణుకుతుంది. అయినా రాయి. జీమెయిల్‌లో ఉన్న కాపీని కూడా ముందే నువ్వు తీసెయ్యకు. చాలామంది మంచి ఉద్దేశంతోనే తీసేసి, తర్వాత 'ఇంకెవరికీ పంపలేదని ఎలా నమ్మాలి' అన్న ప్రశ్నకు చూపించడానికి ఏమీ లేక నిలబడతారు. వాళ్లు చెప్పాక, వాళ్లు చూస్తుండగా తీసెయ్. తీసేశానని ఒక మెయిల్ పంపి, దానికి వాళ్ల అంగీకారం తీసుకో. తమ్ముడికి ఈ రోజే ఫోన్ చేసి ఆ ఫైలు జోలికి వెళ్లొద్దని, ల్యాప్‌టాప్ రిపేర్‌కి ఇవ్వొద్దని, ఎవరికీ అప్పు ఇవ్వొద్దని చెప్పు. లీడ్ మీదికి నెట్టే మాట ఒక్కటి కూడా రాయకు. ఆయన రిపోర్టు అడిగారు అన్నది జరిగిన విషయం, అంతవరకే రాయి.

ఉద్యోగం పోతుందా అని అడిగావు. పోదని మాట ఇవ్వలేను, కంపెనీ నాది కాదు. నేను చూసినంతలో, మొదటిసారి జరిగి, డేటా ఇంకెక్కడికీ పోక, మనిషి తానే నిజం చెప్పినప్పుడు చాలావరకు హెచ్చరిక లేఖతో, మళ్లీ ట్రైనింగ్‌తో ముగిసింది. ఒక్కోసారి ఆ ఏడాది అప్రైజల్ మీద దెబ్బ పడింది. రాజీనామా చేస్తున్న మనిషి పంపుకుంటే మాత్రం కథ వేరేలా ఉంటుంది. వెళ్లిపోతూ క్లయింట్ డేటా పట్టుకెళ్లిందని అనుకుంటారు. అందుకే మీ బావ మాట ఇప్పుడు వినొద్దంటున్నాను. ఈ విచారణ ముగిసి, ముగిసిందని నీ చేతికి కాగితం వచ్చాక ఉద్యోగం మారాలనుకుంటే మారు. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మచ్చ లేకుండా వస్తాయి.

రెజ్యూమెల సంగతి వాళ్లు అడిగితే అబద్ధం చెప్పకు. ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం నేరం కాదు. ఆఫీసు మెయిల్ నుంచి వెతుక్కోవడం పద్ధతి కాదు, అంతే. అడక్కపోతే నీ అంతట నువ్వు ఆ విషయం ఎత్తాల్సిన పని లేదు. ఇచ్చిన నోటీసు షీటు గురించి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, చదివే హక్కు వాళ్లకుందా అని.

చేరిన రోజు నువ్వు సంతకం పెట్టిన కాగితాల కట్టలో, లేదా ఆన్‌లైన్‌లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన పేజీల్లో, ఒక పాలసీ ఉంటుంది. కంపెనీ మెయిల్, ల్యాప్‌టాప్, నెట్ కంపెనీ ఆస్తి అని, వాటిని పర్యవేక్షించవచ్చని అందులో రాసి ఉంటుంది. కొంచెం సొంత వాడకానికి అభ్యంతరం లేదనే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ వాక్యం పక్కనే గోప్యత ఆశించకండి అనే వాక్యం కూడా ఉంటుంది. మన వాళ్లు మొదటిది గుర్తుపెట్టుకుంటారు. ఆ పాలసీ ఇప్పుడు తెరిచి పూర్తిగా చదువు. వివరణ రాసే ముందే చదువు.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చిన మాట నిజమే. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మన కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పెద్దమనిషే. కానీ ఆ హక్కు ముఖ్యంగా ప్రభుత్వం మన జీవితాల్లోకి చొరబడకుండా ఆపేది. ప్రైవేటు కంపెనీ తన మెయిల్ చూడకుండా దాన్ని అడ్డం పెట్టడం తేలిక కాదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023 ఆగస్టులో చట్టం వచ్చింది, దశలవారీగా అమల్లోకి వస్తోంది. అందులో కూడా ఉద్యోగ అవసరాలకు, కంపెనీకి నష్టం రాకుండా, వ్యాపార రహస్యాలు బయటికి పోకుండా చూసుకోవడానికి ఉద్యోగి డేటాను విడిగా అనుమతి అడక్కుండా వాడుకోవచ్చని 7వ సెక్షన్‌లో ఉంది.

రుమేనియాలో ఒక కేసు జరిగింది. బర్బులెస్కు అనే ఇంజినీరు కంపెనీ పని కోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో తమ్ముడితో, కాబోయే భార్యతో మాట్లాడాడు. 2007 జూలైలో కంపెనీ ఆ మాటలన్నీ రికార్డు చేసి 45 పేజీలు అచ్చు తీసి అతని ముందు పెట్టింది, తర్వాత ఉద్యోగం తీసేసింది. అక్కడి కోర్టులన్నీ కంపెనీ వైపే చెప్పాయి. అతను వదల్లేదు. పదేళ్ల తర్వాత, 2017 సెప్టెంబర్ 5న, యూరప్ మానవ హక్కుల కోర్టు అతని గోప్యతకు భంగం కలిగిందని తీర్పు ఇచ్చింది. పర్యవేక్షణ ఉంటుందనీ, రాసిన మాటల్ని కూడా చదువుతామనీ ముందుగా స్పష్టంగా చెప్పారా, అంత లోతుగా చూడాల్సిన కారణం ఉందా అన్నవి ఆ కోర్టు అడిగిన ప్రశ్నలు. ఆ తీర్పు మన దేశంలో చెల్లదు. కానీ ఆ ప్రశ్నలు న్యాయమైనవని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మన కంపెనీలు చేరిన రోజు 40 పేజీల కింద ఒక టిక్కు పెట్టించుకుని ఊరుకోవడం సరికాదు. మీ మెయిల్ ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో చూడగలరో తేలిక మాటల్లో, మనిషి మనిషికి చెప్పాలి. చెప్పి ఉంటే నీలాంటి సగంమంది ఈ తిప్పలు పడరు.

నీకు కాస్త ఊరట కలిగించే మాట కూడా చెప్తాను. ఎవరూ రోజూ కూర్చుని నీ పెళ్లి సంబంధాల మెయిళ్లు చదవరు. అంత తీరిక ఎవరికీ ఉండదు. బయటి అడ్రస్‌కి వెళ్లే మెయిల్‌లో పాన్ నంబర్ల లాంటివో, పుట్టిన తేదీల వరసలో కనిపిస్తే సాఫ్ట్‌వేర్ గంట కొడుతుంది. అప్పుడే మనిషి చూస్తాడు. మంచి సంస్థల్లో అప్పుడు కూడా హెచ్ఆర్, లీగల్ ఇద్దరి అనుమతి ఉంటేనే, అడిగిన తేదీల మేరకే పెట్టె తెరుస్తారు. నేను తెరిచినప్పుడు అవసరమైనవి తప్ప చదివేదాన్ని కాదు. అయినా సబ్జెక్ట్ లైన్లు కళ్లకు తగిలేవి. ఎవరి ఇంట్లో అప్పుందో, ఎవరికి పిల్లల కోసం చికిత్స జరుగుతోందో నాకు తెలిసిపోయేది. మర్నాడు కాఫీ దగ్గర వాళ్లు ఎదురైతే నాకే తల ఎత్తి చూడాలనిపించేది కాదు.

ఒక రోజు మాత్రం మర్చిపోలేను. మాతో పనిచేసే ఒకతను హొసూరు రోడ్డు మీద బైక్ ప్రమాదంలో పోయాడు. నెల తర్వాత అతని భార్య చంటిపిల్లను ఎత్తుకుని ఆఫీసుకి వచ్చింది, వాళ్ల నాన్నతో కలిసి. టర్మ్ ఇన్సూరెన్స్ కట్టానని ఆయన చెప్పేవాడు, కాగితం మాత్రం ఇంట్లో లేదు. పాలసీ వచ్చింది ఆఫీసు మెయిల్‌కి. ఆ అమ్మాయి అడిగింది ఒక్క పీడీఎఫ్. నా కంప్యూటర్‌లో రెండు నిమిషాల పని. కానీ ఆ పెట్టెలో క్లయింట్ మెయిళ్లూ ఉన్నాయి, లీగల్ అనుమతి లేకుండా నేను తాకకూడదు. ఆ అనుమతి రావడానికి ఏడు వారాలు పట్టింది. రూల్ తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ ఏడు వారాల్లో ఆమె నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ రిసెప్షన్‌లో కూర్చుని వెళ్లిపోయింది. ఆ పాలసీ అతని సొంత మెయిల్‌కి వచ్చి ఉంటే, దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఒక పుస్తకంలో రాసి ఉంటే, ఆమెకు ఆ మెట్లు ఎక్కాల్సిన పని ఉండేది కాదు.

ఇంకా పెద్ద ఎత్తున జరిగింది అమెరికాలో. ఎన్రాన్ అనే కంపెనీ లెక్కల మోసం బయటపడి కూలిపోయాక, విచారణలో భాగంగా 2003లో అక్కడి ప్రభుత్వ సంస్థ దాదాపు 150 మంది ఉద్యోగుల మెయిళ్లు, లక్షల్లో, అందరికీ కనిపించేలా పెట్టేసింది. మోసంతో ఏ సంబంధమూ లేనివాళ్లు భార్యకు, స్నేహితులకు రాసుకున్నవీ వాటిలో ఉన్నాయి. నీ కంపెనీకి అలా అవుతుందని అనడం లేదు. ఎవరో చేసిన తప్పుకి పెట్టె తెరిచినప్పుడు మనవి కూడా బయటపడతాయి.

అందుకని విచారణ సాగుతుండగానే నీ సొంత విషయాలన్నీ నీ అడ్రస్‌కి మార్చుకో. పాత మెయిళ్లను గుంపుగా ఫార్వర్డ్ చెయ్యకు, మళ్లీ అదే గంట మోగుతుంది. ఆయా చోట్లకు వెళ్లి అడ్రస్ మార్చు. నీ ఇంటిపేరుతో ఒక మర్యాదైన మెయిల్ తెరువు, రెండంచెల లాగిన్ పెట్టుకో, రికవరీ నంబర్‌గా నీదే ఇవ్వు. ముందు బ్యాంకు, డీమ్యాట్. పాస్‌వర్డ్ మర్చిపోతే లింకు వెళ్లేది ఆ అడ్రస్‌కే కాబట్టి అవి మొదట మారాలి. తర్వాత ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్. రిటర్ను వేశాక వచ్చే ఇంటిమేషన్ గానీ నోటీసు గానీ అక్కడ ఉన్న అడ్రస్‌కే వస్తుంది. ఉద్యోగం మానేసిన సాయంత్రమే ఆ పెట్టె మూతపడుతుంది, నోటీసు వచ్చిందని కూడా నీకు తెలియదు. ఆపైన పీఎఫ్, ఎల్ఐసీ, ఆధార్, మ్యాట్రిమోనీ. నాన్న రిపోర్టులు ఆసుపత్రిని అడిగితే మళ్లీ పంపుతారు. పే స్లిప్పులు, ఫామ్-16, ఆఫర్ లెటర్, అప్రైజల్ లాంటివి నీవే. కానీ హెచ్ఆర్‌ని అడిగి, వాళ్లు చెప్పిన దారిలో డౌన్‌లోడ్ చేసుకో. అడిగిన మెయిల్ ఒకటి నీ దగ్గర ఉంటే ఎవరూ వేలెత్తి చూపరు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత జీమెయిల్ తెరిస్తే సరిపోతుందనుకోకు. చాలా కంపెనీల్లో ఆ ల్యాప్‌టాప్ నుంచి వెళ్లే ట్రాఫిక్‌ను మధ్యలో విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో తెరిచినా అది ఆగదు. వాట్సాప్ వెబ్ కూడా అందులో వద్దు. ఆఫీసు మెయిల్ నీ సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ కింద, అంటే ఆఫీసు యాప్‌లకు విడిగా ఉండే భాగంలో, ఉంటే భయం లేదు, ఆ ప్రొఫైల్ బయట ఉన్న నీ ఫోటోలు, మెసేజీలు కంపెనీకి కనిపించవు.

బిల్డర్‌కి రాసిన మెయిల్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నిజానికి షీటు తర్వాత నాకు ఎక్కువ బాధనిపించింది అదే. మన ఊళ్లలో కరణం ముద్ర పడిన కాగితం కరణం సొంత కాగితం కాదని అందరికీ తెలిసేది. కింద కంపెనీ పేరు, నీ హోదా ఉన్న మెయిల్ కూడా అలాంటిదే. బిల్డర్ దాన్ని చూసి ఈ గొడవలో కంపెనీ కూడా ఉందేమో అనుకోవాలనే కదా నువ్వు అలా పంపింది? రేపు అతను లాయర్ నోటీసు ఇస్తే కంపెనీ పేరు కూడా అందులో రాయొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం తగిన సర్టిఫికెట్‌తో ఆ మెయిల్ కోర్టులో సాక్ష్యంగా నిలబడుతుంది. కాబట్టి నీ సొంత అడ్రస్ నుంచి బిల్డర్‌కి రెండు వాక్యాలు రాయి: ఆ మెయిల్ నా వ్యక్తిగత ఫిర్యాదు, నా కంపెనీకి సంబంధం లేదు, ఇకపై ఈ అడ్రస్‌కే జవాబివ్వండి. ఫ్లాటు ఆలస్యానికి దారి వేరే ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం కింద కర్ణాటక రెరాలో నీ పేరుతో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చెయ్. అక్కడ నీ అగ్రిమెంటు, కట్టిన డబ్బు రసీదులు మాట్లాడతాయి. నీ హోదా అక్కడ అక్కర్లేదు.

నీ ఉత్తరంలో లేకపోయినా ఇదే వరసలో ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కార్తీక మాసం వచ్చిందంటే ఫలానా కులం వాళ్ల వనభోజనాలు, ఫలానా రిసార్టులో, కుటుంబ సమేతంగా అని ఆఫీసు మెయిళ్లలో తిరుగుతుంటాయి. మన తెలుగువాళ్లే పంపుతారు. ఇంటిపేరు చూసి ఎవరికి పంపాలో ఎంచుతారు. ఒకసారి పొరపాటున టీమ్ మొత్తానికి వెళ్లింది. ఆ టీమ్‌లో ఉన్న ఒక అబ్బాయి, ఊళ్లో వాళ్ల ఇళ్లు వేరే వైపు ఉండేవి, ఆ రోజు నుంచి మన వాళ్ల బల్ల దగ్గర భోజనానికి కూర్చోలేదు. మేనేజరు ఆ కులమే, అప్రైజల్ ఆయన చేతిలో. ఆ అబ్బాయి ఏమనుకుని ఉంటాడు? దాన్ని చిన్న సరదా అని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఉగాదికి అందర్నీ పిలిచి, హెచ్ఆర్‌కి చెప్పి పచ్చడి పంచితే సంతోషం. ప్లాట్లు, చిట్టీలు, ఆవకాయ ఆర్డర్లు కూడా ఆఫీసు లిస్టులో వద్దు, కానీ అవి చికాకు మాత్రమే. కులం మెయిల్ మనిషిని గాయపరుస్తుంది.

ఇది చదివే ఇతర చెల్లెళ్లకు ఒక మినహాయింపు. ఎవరైనా మెయిల్‌లో లైంగికంగా వేధిస్తుంటే, సాక్ష్యం పోతుందన్న భయంతో సొంత అడ్రస్‌కి పంపుకోవాలనిపిస్తుంది. అది అర్థం చేసుకోగలను. అయితే పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల్ని ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. 3 నెలల్లోపు దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫలానా తేదీల మెయిళ్లు భద్రపరచమని అందులోనే అడగండి. నేను పైన చెప్పిన హోల్డ్ ఇక్కడ మీ వైపు పనిచేస్తుంది. ఎదుటివాడు డిలీట్ చేసుకున్నా అవి పోవు. మీకు వచ్చిన వేధింపు మెయిల్ తేదీ, సమయం, మాటలు చేత్తో ఒక డైరీలో రాసుకోండి. క్లయింట్ ఫైళ్లను మాత్రం వాటితో కలిపి పంపుకోకండి. ఫిర్యాదును పక్కన పెట్టి మీ మీదే కేసు నడిపే అవకాశం అవతలివాళ్లకు ఇవ్వొద్దు.

చెల్లీ, మీటింగుకి పిలిస్తే నీ వివరణ అచ్చు కాపీ ఒకటి తీసుకెళ్లు. అడిగినదానికి జవాబు చెప్పు, తెలియనిదానికి తెలియదని చెప్పు. ఏడుపొస్తే రానీ, మంచినీళ్లు అడుగు. అక్కడికక్కడ ఏదైనా సంతకం పెట్టమంటే చదువుకోవడానికి ఒక రోజు కావాలని అడుగు, ముఖ్యంగా అది రాజీనామా కాగితమైతే. బలవంతం అనిపిస్తే అక్కడే ఆగి, ఉద్యోగ కేసులు చూసే లాయర్‌తో ఒకసారి మాట్లాడు.

అది అయ్యాక ఏమైందో నాకు రాయి, నీ కొత్త అడ్రస్ నుంచి.